మొరగని జంతిక

అనగనగా అనే మొదలుపెడతాను గానీ బుజ్జీ, ఇది రాజుల నాటిది కాదు. సముద్రం ఒడ్డున ఒక నేత ఊరు. ఏ వీధిలోకి వెళ్ళినా మగ్గాల చప్పుడే. టకటక, టకటక. అన్నాల వేళ మాత్రం కాసేపు ఆగేది. దుప్పటి కప్పుకో, చెప్తాను.

ఆ ఊళ్ళో భావనారాయణ అని ఒకాయన ఉండేవాడు. ఆయన భార్య చంద్రకాంతం. వాళ్ళకి పిల్లలు లేరు. ఇంటి ముందు గదిలో గుంట మగ్గం ఉండేది. నేలలో చిన్న గొయ్యి తవ్వి, అందులోకి కాళ్ళు దించి కూర్చుని నేస్తారన్నమాట. పొద్దున్నే ఇద్దరూ పక్కపక్కన కూర్చునేవాళ్ళు. కుడివైపు సగం ఆయన, ఎడమవైపు సగం ఆవిడ. ఒకే చీర మీద ఇద్దరి చేతులు. ఆయన మాట తక్కువ మనిషి. ఆవిడే ఏదో ఒకటి చెప్తూ ఉండేది, ఆయన ఊఁ కొడుతూ ఉండేవాడు.

చంద్రకాంతానికి సత్తిరాజు అని ఒక తమ్ముడు. ఓడలో వంట చేసేవాడు. ఒకరోజు బుట్టలో ఒక కుక్కపిల్లని తెచ్చి గుమ్మంలో దించాడు.

“మా కెప్టెన్ గారిదక్కా. ఆయన ఉద్యోగం మానేసి వెళ్ళిపోతున్నారు. దీన్ని బసెంజీ అంటారు. ఆఫ్రికా జాతి. దీని గొప్పేంటంటే, ఇది మొరగదు.”

“మొరగని కుక్క దేనికిరా?” అన్నాడు భావనారాయణ.

“చప్పుడు చెయ్యదు గదా బావా, నీకు సరిపోతుంది,” అన్నాడు సత్తిరాజు.

ఎర్రమట్టి రంగు ఒళ్ళు. తెల్లటి కాళ్ళు. నిక్కబొడుచుకున్న చెవులు. నుదుటి మీద ముడతలు, పెద్ద సంసారం ఈదుతున్న మనిషికి ఉన్నట్టు. తోక మాత్రం నూనెలోంచి అప్పుడే తీసిన జంతికలా చుట్టుకుని నడుము మీద పడుకునేది. అందుకని చంద్రకాంతం దానికి జంతిక అని పేరు పెట్టింది.

జంతిక మొరగదన్నది నిజమే. పిల్లిలాగా కాళ్ళు నాక్కుంటూ ఒళ్ళంతా శుభ్రం చేసుకునేది. నీళ్ళంటే మహా భయం. వాన చినుకు పడితే గుమ్మం దాటేది కాదు. కానీ భావనారాయణ బజారుకెళ్ళి తిరిగి వచ్చాడనుకో, అప్పుడు తల పైకెత్తి “ఊ... రూ... రూ... ఊ” అని ఒక రాగం తీసేది. పసిపిల్ల ఏడుపులా ఉండేది, పాటలా కూడా ఉండేది. రోజుకి ఆ ఒక్కసారే. ఇంకెవరు వచ్చినా తీసేది కాదు.

చప్పుడు లేదు గానీ, అల్లరికి మాత్రం లోటు లేదు.

మొదట, వంటింటి గూటికున్న గడియ ఎలా తీయాలో నేర్చుకుంది. తీసి, చంద్రకాంతం దాచిన కొబ్బరుండలన్నీ తినేసింది. తిన్నాక ఏమీ ఎరగనట్టు పీట మీదెక్కి కాళ్ళు నాక్కుంటూ కూర్చుంది.

ఆ తర్వాత, జామచెట్టెక్కి ప్రహరీ మీదికి దూకింది. అక్కడినుంచి పక్కింటి ఎల్లాజీ వాళ్ళ దండెం మీదికి. ఎల్లాజీ చేపలు పట్టేవాడు. ఆయన కొత్త లుంగీని నోట కరుచుకుని వీధి మూడు చుట్లు తిరిగింది. దాన్ని పట్టుకోవడం ఎవరివల్లా కాలేదు. గాలికి ఎగిరిపోతున్న ఎండుటాకులా పరిగెత్తింది. ఎల్లాజీ అరుగు మీద కూర్చుని నవ్వీ నవ్వీ, “ఉంచుకోనీయండి, అలిసిపోయాక తనే ఇస్తుంది,” అన్నాడు.

ఆ తర్వాత చేసిన పని మాత్రం నవ్వుకునేది కాదు.

ఆ ఊరి బడి పంతులమ్మగారి చెల్లెలికి పెళ్ళి కుదిరింది. పెళ్ళిచీర భావనారాయణ వాళ్ళే నేస్తున్నారు. చిలకాకుపచ్చ పట్టు, ఒళ్ళంతా చిన్న చిన్న మామిడి పిందెలు. రెండు నెలలనుంచి కూర్చుంటే సగం అయింది. ఒకరోజు అన్నాలకి లేచి ఇద్దరూ లోపలికి వెళ్ళారు. గది తలుపు సరిగ్గా పడలేదు. జంతిక మగ్గం గుంటలోకి దిగింది. పైన బిగించి ఉన్న పడుగు పోగులు, అంటే నిలువు దారాలు, దాని ముక్కుకి తగిలాయి. అది కొరికింది. ఒకటి తెగితే టప్ మని చప్పుడయింది. ఆ చప్పుడు బాగుందనుకుందో ఏమో, ఇంకోటి కొరికింది. అలా వంద పోగులకి పైనే తెగ్గొట్టింది.

భావనారాయణ వచ్చి చూశాడు. అరవలేదు, కొట్టలేదు. మగ్గం పక్కన నేల మీద కూలబడిపోయాడు. తెగిన పోగులు ఒక్కొక్కటీ వేళ్ళతో తడిమాడు.

చంద్రకాంతం జంతికని పెరట్లో కట్టేసి వచ్చి, పోగులు అతకడం మొదలుపెట్టింది. వెంట్రుకంత సన్నటి పోగులమ్మా. ఒక్కొక్కటీ కొసలు కలిపి, బూడిద అద్దుకున్న వేళ్ళతో మెలిపెట్టాలి. ఆయన కూడా వచ్చి కూర్చున్నాడు. మూడు రోజులు పట్టింది. మూడోరోజు సాయంత్రం ఆయన, “దీన్ని పంపించేద్దాం కాంతం,” అన్నాడు.

ఆవిడ వేళ్ళు పుళ్ళు పడి ఉన్నాయి. కాదనడానికి ఆవిడకి నోరు రాలేదు.

మర్నాడు ఆయన జంతికని బుట్టలో పెట్టి, సైకిలు వెనక కట్టుకుని, ఉప్పు కొటార్ల దగ్గర ఉండే కాపలాదారుకి ఇచ్చాడు. తిరిగి వస్తూ దారిలో టీ తాగాడు. ఇంటికొచ్చేసరికి గుమ్మంలో జంతిక కూర్చుని ఉంది. ఆయన్ని చూసి “ఊ... రూ... రూ...” అంది.

అప్పుడు ఇంకా దూరం తీసుకెళ్ళాడు. బస్సెక్కి, కొబ్బరితోటలో ఉండే తన పినతల్లి కొడుక్కి ఇచ్చాడు. మూడో రోజు మధ్యాహ్నం జంతిక వచ్చేసింది. మెడకి కొరికేసిన తాడు ముక్క వేలాడుతోంది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. అయినా ఆయన్ని చూడగానే తల ఎత్తి రాగం తీసింది. చంద్రకాంతం పెరుగన్నం కలిపి పెట్టింది.

మూడోసారి ఆయన ఆలోచించాడు. ఊరికి ఉత్తరాన ఒక ఏరు సముద్రంలో కలుస్తుంది. ఆ చోటుని ఏటి మొగ అంటారు. ఏటికి అవతల రొయ్యల చెరువులు. అక్కడ పనిచేసే ఒకాయన, “మాకు కుక్క కావాలండీ, ఏ కుక్కయినా ఫర్లేదు,” అన్నాడు. భావనారాయణ జంతికని ఒళ్ళో గట్టిగా పట్టుకుని పడవలో ఏరు దాటించాడు. పడవలో ఉన్నంతసేపూ అది వణుకుతూనే ఉంది. తల ఆయన చంకలో దూర్చేసింది. ఆయన దాన్ని అక్కడ ఇచ్చేసి, వెనక్కి తిరిగి చూడకుండా పడవెక్కాడు.

ఇంటికి రాగానే చంద్రకాంతం అడిగింది. “ఏటికి అవతలా?”

“ఆఁ.”

“దానికి నీళ్ళంటే భయమని తెలిసే అక్కడ దింపారా?”

ఆయన తిన్నగా వెళ్ళి మగ్గం గుంటలోకి దిగాడు.

ఆ తర్వాత ఆ ఇంట్లో గూటి గడియ ఎవరూ తీయలేదు. దండెం మీద బట్టలు దండెం మీదే ఉన్నాయి. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని నేసేవాళ్ళు గానీ, చంద్రకాంతం కబుర్లు చెప్పడం మానేసింది. ఊఁ కొట్టడానికి ఏమీ లేక ఆయన చెయ్యి తడబడేది. ఒకరోజు మూడు మామిడి పిందెలు వంకరగా వచ్చాయి. విప్పి మళ్ళీ నేశారు. మళ్ళీ వంకరగానే వచ్చాయి. బజారుకెళ్ళి వచ్చినప్పుడల్లా ఆయన గుమ్మంలో కాసేపు ఆగి, అప్పుడు లోపలికి వచ్చేవాడు. ఎందుకు ఆగేవాడో నీకు తెలుసుగా.

అలా అయిదు రోజులు గడిచాయి. ఆరోరోజు పొద్దెక్కాక ఎల్లాజీ వలలు భుజాన వేసుకుని వచ్చాడు. అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగాడు.

“ఏటి మొగలో ఇసక దిబ్బ మీద ఏదో ఏడుస్తోందమ్మా,” అన్నాడు చంద్రకాంతంతో. “గాలికి సరిగ్గా వినపడలేదు గానీ, పసిపిల్ల గొంతులా ఉంది. మావాళ్ళు భయపడి అటు పోవట్లేదు. ఎండకి నీళ్ళ మీద కళ్ళు చెదిరి ఏమీ కనపడలేదు. కుక్కయితే కాదంటున్నారు వాళ్ళు. కుక్కయితే మొరుగుతుంది గదా.”

లోపల మగ్గం చప్పుడు ఆగిపోయింది.

భావనారాయణ గుంటలోంచి లేచి వచ్చాడు. చెప్పులు కూడా వేసుకోలేదు. “ఎల్లాజీ, నీ తెప్ప ఎక్కడుంది?” అన్నాడు.

“పోటు మొదలయిందండీ. ఇంకో గంటకి ఆ దిబ్బ ఉండదు.”

“అందుకే ఇప్పుడే వెళ్దాం.”

ఏం జరిగిందంటే బుజ్జీ, సముద్రం రోజూ కాసేపు వెనక్కి తగ్గుతుంది, కాసేపు ముందుకొస్తుంది. వెనక్కి తగ్గడాన్ని పాటు అంటారు, ముందుకు రావడాన్ని పోటు అంటారు. పాటు వేళ ఏటి మొగలో నీళ్ళు తగ్గి ఇసక బయటపడుతుంది. జంతిక రొయ్యల చెరువుల దగ్గరినుంచి తప్పించుకుని, ఆ పొడి ఇసక మీదుగా ఇంటికి బయలుదేరింది. సగం దూరం వచ్చింది. అప్పుడు పోటు మొదలయింది. ముందూ నీళ్ళే, వెనకా నీళ్ళే.

భావనారాయణ సముద్రం ఒడ్డునే పుట్టినా ఈత రాదు. నేతగాళ్ళకి ఆ తీరిక ఎక్కడిది. తెప్ప మీద ఒక తాడు పట్టుకుని కూర్చున్నాడు. ఎల్లాజీ తెడ్డు వేశాడు. దిబ్బ దగ్గరికి వచ్చేసరికి చాపంత ఇసక మిగిలింది. దాని మీద జంతిక నాలుగు కాళ్ళూ దగ్గరగా పెట్టుకుని నిలబడి ఉంది. గొంతు పోయింది. రాగం తీస్తుంటే గాలే వస్తోంది.

“అలలు అడ్డంగా కొడుతున్నాయి, తెప్ప ఇంక పోదండీ,” అన్నాడు ఎల్లాజీ. “మీరు ఆగండి, నేను దిగుతాను.”

“నీ దగ్గరికి రాదు. నేనే దిగాలి.”

ఎల్లాజీ ఆయన నడుముకి తాడు కట్టాడు. ఆయన దిగాడు. నీళ్ళు గుండెల దాకా వచ్చాయి. కాళ్ళ కింద ఇసక జారిపోతోంది. మెల్లగా, మెల్లగా నడిచి దిబ్బ దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపాడు.

జంతిక రాలేదు. వెనక్కి జరిగింది. ఆయన్ని చూసి రాగం తీయలేదు. నుదుటి ముడతలు ఇంకా గట్టిపడ్డాయి. ఆ చేతులే కదా దాన్ని మూడుసార్లు వదిలేసి వచ్చింది.

అప్పుడు ఆయన నీళ్ళలోనే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గడ్డం దాకా మునిగాడు. ఎన్నడూ పెద్దగా మాట్లాడని మనిషి, దానితో మాట్లాడాడు.

“జంతికా, తప్పు నాదేనమ్మా. నువ్వు పోగులు తెంపావు, అంతే. నీకు తెలియదు. నాకు తెలిసి చేశాను. రా, ఇంటికి పోదాం. ఇంకెక్కడికీ పంపను.”

ఒక అల వచ్చి దాని కాళ్ళు తడిపింది. జంతిక ఒక్క అడుగు వేసింది. తర్వాత ముందు కాళ్ళు రెండూ ఎత్తి ఆయన భుజాల మీద వేసింది. ఆయన దాన్ని నెత్తి దాకా ఎత్తుకుని లేచాడు. ఎల్లాజీ తాడు లాగాడు.

ఒడ్డున చంద్రకాంతం నిలబడి ఉంది. పైట కొంగుతో ముందు జంతిక తల తుడిచింది. ఆ తర్వాత ఆయన తల తుడిచింది.

తిరిగి వస్తుంటే ఎల్లాజీ అన్నాడు. “ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. పరిగెత్తడానికి పుట్టిన జీవాన్ని పొద్దస్తమానం గదిలో కూర్చోబెడితే, అది పోగులు కొరక్క ఏం చేస్తుంది?”

“ఆయ్, నిజమే,” అన్నాడు భావనారాయణ.

పెళ్ళిచీర వేళకి పూర్తయింది. పంతులమ్మగారి చెల్లెలు అది కట్టుకుని పీటల మీద కూర్చుంది. అతుకులు ఎక్కడున్నాయో చంద్రకాంతానికి తప్ప ఎవరికీ కనపడలేదు.

జంతిక అల్లరి మానేసిందా అంటావేమో. లేదమ్మా. సగం తగ్గింది. మిగతా సగం అలాగే ఉంది. మగ్గం గదికి ఆయన కొత్త గడియ పెట్టించాడు. నాలుగు రోజుల్లో అది తీయడం నేర్చుకుంది. అప్పుడు గడియ ఇంకా పైన పెట్టించాడు.

కానీ ఒక కొత్త అలవాటు వచ్చింది. రోజూ పొద్దున్నే, మగ్గం దగ్గర కూర్చోకముందు, ఆయన దాన్ని సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళేవాడు. అది ఆ చివరినుంచి ఈ చివరికి పరిగెత్తేది. కొన్నాళ్ళకి చంద్రకాంతం కూడా వెళ్ళడం మొదలుపెట్టింది. పెళ్ళయి ఇరవయ్యేళ్ళయినా వాళ్ళిద్దరూ కలిసి సూర్యుడు పైకి రావడం చూడలేదట. ఎప్పుడూ మగ్గం ముందే తెల్లవారేది మరి. ఇప్పుడు ముగ్గురూ చూసేవాళ్ళు. ఆవిడ కబుర్లు చెప్పేది. ఆయన ఊఁ కొట్టేవాడు, అప్పుడప్పుడు తనూ ఒక మాట కలిపేవాడు.

పరుగు అయిపోయాక జంతిక అలిసి ఆయన పక్కన నడిచేది. వెళ్ళేటప్పుడైనా, వచ్చేటప్పుడైనా, భావనారాయణ ఎప్పుడూ అలల వైపే నడిచేవాడు. జంతికకి పొడి ఇసక వైపు వదిలేవాడు. అల వస్తే ఆయన పాదాలే తడిసేవి.

నిద్దరొస్తోందా? అయిపోయింది తల్లీ. కళ్ళు మూసుకుని ఇది కూడా విను.

మగ్గం మీద చీర మడతకి,
మామిడి పిందెలు పట్టుకి,
పరుగులు తీసి జంతిక పక్కకి,
కడలి కెరటం ఒడ్డుకి,
కథేమో నడిచి కంచికి,
కమ్మని నిద్దర నీ కంటికి.