దొర కొట్టిన చప్పట్లు

గవరయ్య చేతిలో మొదట ఉన్నది ఎనిమిది వేలు. దాంతో పాత డీఎస్ఎల్ఆర్ కెమెరా, చిన్న రికార్డరు కొని మబ్బులకోట చేరాడు.

"వాగు అవతల నుంచి వీడియో తియ్యి. కోటంతా కనబడాలి, నా పాట చెవిలో పాడినట్టుండాలి. కుదరకపోతే కెమెరా నాది!" అన్నాడు ఆ కోట దొర.

గవరయ్య రికార్డరు ఆన్ చేసి దొర పూలదండలో దాచాడు. "ఒక్క చప్పట కొట్టండి దొరా. ఆ చప్పుడు పట్టుకుని బొమ్మకీ పాటకీ జత కలుపుతాను."

"నీకు నేను చప్పట్లు కొట్టాలిరా?"

గవరయ్య వాగు దాటి, కెమెరా కోట వైపు తిప్పి ఆన్ చేసి అరిచాడు: "దొరా, ముక్కు ముందు దోమ!"

దొర రెండు చేతులా చట్టున కొట్టాడు. ఆ తర్వాత పాట ఎత్తుకున్నాడు.

సాయంత్రం వీడియోలో కోట పొగమంచు మీద పడవలా తేలింది. పాట చెవి పక్కనే పలికింది. దొర కళ్లు తుడుచుకున్నాడు.

"అంత దూరం నుంచి దోమెలా కనబడిందిరా?"

"మీ చప్పట్లంత గొప్పది దొరా, నా కెమెరా!"

దొర పకపకా నవ్వాడు. గవరయ్య కెమెరా భుజాన వేసుకుని, పక్క కోట రాణిగారు కూడా పాడతారా అని కాపలావాడిని అడిగాడు.