భైరవుడి వెనక మోకాలు

"భైరవా! ఓ భైరవా! కుంటుతున్నావేంటి?"

వీపు మీది కొంగ వెన్నెల కేకకి, పోటీల కోసం బండ లాగుతున్న పెద్ద ఎద్దు టక్కున ఆగాడు.

"కుంటడమా? నేల ఎగుడుదిగుడుగా ఉందిలే పిల్లా."

"ఆరేళ్లుగా నీ వీపే నా ఇల్లు. ఇల్లు ఎటు ఒరిగిందో నాకు తెలీదా?"

భైరవుడు తల దించుకున్నాడు. మొన్న బండతో మలుపు తిరుగుతుంటే వెనక ఎడమ మోకాలు టప్పుమంది. ఆ పోటీల్లో పళ్లు చూసి వరుసలు కడతారు: రెండు పళ్లవాళ్లకి ఒకటి, నాలుగు పళ్లవాళ్లకి ఒకటి. పళ్లన్నీ వచ్చినవాళ్లది పెద్దల వరుస. అందులో ఇంకొక్కసారి నిలబడాలని, మెడలో గంటలు ఘల్లుమనాలని అతని కోరిక. పగలు కూడా అదే కల.

పొదలోంచి నక్క జగ్గప్ప వచ్చాడు. నాటువైద్యంలో తనని మించినవాడు లేడంటాడు.

"పళ్లు అరిగాక మోకాలు అతుక్కోదు మామా. వాత పెడతా, ఇక బండ మానేసి పడుకో. ఆ గంటలు విప్పేసెయ్."

"నీ వాతలు నువ్వే పెట్టుకో!" అంది వెన్నెల. తెల్లారగానే ముక్కుతో పొడిచి పొడిచి భైరవుణ్ణి పశువుల ఆసుపత్రికి నడిపించింది.

డాక్టరమ్మ మోకాలు వంచి చూసింది. లోపల ఎముకల్ని కలిపి కట్టే తాడు ఉంటుందట, లిగమెంటంటారట. అది తెగలేదు, పురి విడిందంతే. వాపు తగ్గేదాకా విశ్రాంతి, తర్వాత పొట్టలోతు నీళ్లలో నడక, ఆపైన మెత్తటి ఇసుక, బండ అన్నిటికన్నా చివర. ఈ ఏడు పోటీ మాత్రం కుదరదు.

ఆ చివరి మాటకి భైరవుడు తల అడ్డంగా ఊపాడు. అయినా మర్నాడే విశ్రాంతికి ఒప్పుకున్నాడు. వాపు తగ్గాక కాలవలో దిగాడు.

"బర్రెల్లో కలిసిపోయావా మామా!" రోజూ గట్టు మీంచి జగ్గప్ప ఎగతాళి. సూర్యుడు నీళ్లలో కరిగిపోతుంటే భైరవుడు అడుగు తర్వాత అడుగు వేశాడు.

మరుసటి ఏడు పెద్దల వరుసలో బండ కదిలింది, గంటలు ఘల్లుమన్నాయి. వచ్చింది రెండో స్థానమే. కానీ తిరిగొస్తుంటే భైరవుడి మూపురం ఆకాశానికి ఆనినట్టుంది.

"అసలు మోకాలు చెడితేగా! అంతా నటన," అన్నాడు జగ్గప్ప అందరి ముందూ.

వెన్నెల నక్క వెనక కాలు కేసి కళ్లు చికిలించి చూసి అరిచింది: "కుక్కలు! కుక్కలొస్తున్నాయ్!"

జగ్గప్ప ఎగిరి దూకబోయాడు. వెనక కాలు మడతపడి దబ్బున కూలబడ్డాడు. ఒక్క కుక్కా లేదు. చుట్టూ చేరిన కోళ్లు కిసుక్కుమన్నాయి.

భైరవుడు మాత్రం నవ్వలేదు. మెడ వంచి అన్నాడు: "జగ్గప్పా, కుంటితే పరువు పోదురా, దాచుకుని కుంటితేనే పోతుంది. ఎన్నాళ్లయింది?"

నక్క చాలాసేపు నేల గీరాడు.

"నాలుగేళ్లు మామా. మోకాలే. వాత పెట్టుకున్నా, తగ్గలేదు. నీది వేరే వైద్యంతో నయమైతే నా వైద్యం ఉత్తిదని తేలిపోతుందని... నిన్ను పడుకోమన్నా."