దివాణం పంపిన గాజులు

చైత్రంలో ఆ వారమంతా గాలి పూటకో దిక్కు తిరిగింది. సముద్రం పోటు మీదుంది, ఉప్పు పడవలు వేయలేమని సరంగులు దివానుగారికి కబురంపారు. ఆయన గంపెడు గాజులు పంపించాడు. "మీరు మగాళ్లు కారు, ఇవి తొడుక్కోండి!"

సిగ్గుతో చితికిపోయి, చస్తే చద్దామని అందరూ పడవల తాళ్లు విప్పబోయారు. వాళ్ల పేటలోని ముసలి నూకాలు అడ్డంపడి, వాళ్లందరికీ ఆ గాజులే తొడిగి దివాణానికి తీసుకెళ్లింది.

"తమరు చెప్పినట్టే తొడుక్కున్నారు దొరా. ఆడవాళ్లకి పడవ వెట్టి లేదు కదా, గాలి కుదురుకునేదాకా ఇళ్లకి పోమంటారా?"

సభంతా నవ్వింది. దివాను ఉడుక్కున్నాడు. "మరి నీ చేతులు బోసిగా ఉన్నాయేమే?"

"ఇలాంటి గాలిలోనే తమరు మా ఆయన్ని పంపారు బాబూ."

దివాను తల దించుకున్నాడు. అందర్నీ ఇళ్లకి పొమ్మని చెయ్యి ఊపాడు.