దోమ ఎక్కిన ఎర్రప్ప

అడవిలో ఓ ముసలి కొండముచ్చు చలిజ్వరంతో వణుకుతూ కొమ్మ మీద ముడుచుకుని కూర్చుంది. దాని నెత్తుట్లో ఓ ఊరే ఉందని పాపం దానికి తెలియదు. ఊరంతా మలేరియా పురుగులదే. నెత్తురు తినడం, ఒకటి పదవడం, అదే వాళ్ళ సేద్యం.

ఆ ఊళ్ళో తాతల నాటి ఆచారం ఒకటుంది. ఇంటికి కొందరు ఆ సేద్యం మానేసి, ఆడో మగో అయి, దోమ ఎక్కి ఇంకో ఒంటికి దాటడానికి కాచుకోవాలి. ఈ విద్య ఒకరు నేర్పితే వచ్చేది కాదు, పుట్టుకతో రావాలి.

ఊరిపెద్ద ఎర్రప్పకి ఇది నచ్చలేదు. పనీపాటా లేని బిడ్డలు తన వంశంలో అక్కర్లేదని, పుట్టినవాళ్ళని పుట్టినట్టే వెళ్ళగొట్టాడు. కొన్ని తరాలకి అతని వంశంలో ఆ విద్యే అంతరించింది. సగం ఊరు మాత్రం వాళ్ళదే అయింది.

పొరుగింటి సన్నమ్మ, తోకయ్య దోమ కోసం కాచుకుని ఉండటం చూసి ఎర్రప్పకి ఒళ్ళు మండింది.

"కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయమ్మా."

"దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి మామా," అంది సన్నమ్మ.

ఇంతలో కొండముచ్చు ఏదో చేదు బెరడు నమలడం మొదలుపెట్టింది. జ్వరం తగ్గింది. ఆ చేదుకి ఎర్రప్ప మనుషులు గుంపులు గుంపులుగా చచ్చిపోయారు. దోమ కోసం కాచుకున్నవాళ్ళకి మాత్రం అది పట్టలేదు. చివరికి ఆ వంశంలో అతనొక్కడే మిగిలాడు. అప్పుడే దోమ వచ్చి వాలింది. ఎర్రప్ప అందర్నీ తోసుకుని ముందుగా ఎక్కాడు. ఊరిపెద్ద కదా, అందరూ పక్కకి తప్పుకున్నారు.

దోమ కడుపులో సన్నమ్మ, తోకయ్య ఒకటయ్యారు. పేగు గోడ దాటే పనిలో పడ్డారు. ఎర్రప్ప తిండి కోసం చూశాడు. తనే దోమకి తిండి అవుతున్నాడని కాసేపటికి తెలిసింది. భయపడ్డాడు.

"దోమమ్మా, నన్నూ దాటించు. నాతో మా వంశం పోతుంది."

"ఎక్కించుకోవడమే నా పని బాబాయ్. దాటడం మీ ఇంటి విద్య."

సన్నమ్మని బతిమాలాడు, ఆ విద్యేదో తనకీ చెప్పమని.

"చెప్తే వచ్చేది కాదు మామా. నీ ఇంట్లోనూ ఉండేది," అంది సన్నమ్మ. ఆమెకీ బాధగానే ఉంది.

కొన్నాళ్ళకి సన్నమ్మ పిల్లలు ఇంకో కొండముచ్చుని చేరారు. ఆ కొండముచ్చుకి ఇందులో సంతోషించాల్సింది ఏమీ లేదు. ఎర్రప్ప మాత్రం ఏనాడో దోమకి అరిగిపోయాడు.

నీతి: దాటే విద్య పోగొట్టుకున్నవాడు పడవ ఎక్కినా ఒడ్డు చేరడు.