జుట్టుపండు షర్బత్

ఘాటు రోడ్డు మూడో మలుపు దిగువన, నడివేసవిలో కూడా ఎండని వాగొకటి ఉంది. ఆ వాగొడ్డున చిట్టెబ్బాయి అనే నక్క షర్బత్ కొట్టు పెట్టాడు. నక్క కొట్టు పెట్టడమేంటని అడక్కండి, పెట్టాడంతే. పైన రోడ్డు మీద ఓ కూల్ డ్రింకుల బండి తిరగబడి, పళ్ల బొమ్మలున్న నాలుగు ఎసెన్సు సీసాలూ చక్కెర బదులు వేసే శాకరిన్ పొట్లమొకటీ దొర్లుకుంటూ వాడి కాళ్ల దగ్గరకొచ్చి పడ్డాయి. వాడిది పని ఎరగని ఒళ్లు, ఊరుకోలేని నోరు. కొట్టు పెట్టడానికి ఇంకేం కావాలి?

కుండపెంకులో నీళ్లు, చిటికెడు శాకరిన్, అడిగిన సీసాలోంచి రెండు చుక్కలు. మోదుగాకు దొన్నెలో పోసిచ్చి కళ్లు మూసుకోమనేవాడు. ఇది సముద్రాల అవతలి పండు, ఇదిగో ముందు ఇలా తగులుతుంది, తర్వాత అలా కరుగుతుంది అంటూ రుచి కూడా వాడే చెప్పేవాడు. వాడు తిన్నది లేదు, తాగేవాళ్లు తిన్నదీ లేదు. అడవిపందీ కుందేలూ ముళ్లపందీ లొట్టలేసుకుంటూ తాగి, బదులుగా దుంపో కాయో పెట్టి పోయేవి. ఆ పళ్లు ఎరిగినవాళ్లు అడవిలో లేరు గనక వంక పెట్టేవాళ్లూ లేరు.

పోయిన వానాకాలం వారాల తరబడి బొరియలో పస్తున్నది చిట్టెబ్బాయికి ఇంకా గుర్తే. ఈసారి వానలు పడేలోపు బొరియ నింపుకోవాలి. వాడి ఆరాటమంతా అదే.

ఒక సాయంత్రం నీళ్లకని సోములమ్మ వచ్చింది. వయసు మళ్లిన ఎలుగుబంటి. ఒంటరిది, ఎవరి జోలికీ పోదు. అవతలి గట్టున మద్దిచెట్టు తొర్రలో ఏడు తేనెపట్లు దాచుకుంది. వానాకాలమంతా ఆమెకు అదే తిండని అడవిలో అందరికీ తెలుసు. నీళ్లు తాగి వెళ్లబోతూ ఒక సీసా దగ్గర ఆగిపోయింది. దాని మీద ఎర్రటి పండు బొమ్మ, పండంతా జుట్టు. పట్నంలో దాన్ని రాంబుటాన్ అంటారట. అడవిలో ఆ పేరు ఎవరికి నోరు తిరుగుతుంది? చిట్టెబ్బాయి జుట్టుపండని పేరు పెట్టేశాడు.

"తమ్ముడూ, ఇది మా అమ్మ చెప్పిన పండు" అంది సోములమ్మ.

చిట్టెబ్బాయి గుండె జారిపోయింది. ఎరిగినవాళ్లంటూ వస్తే కొట్టు కట్టేసుకోవాల్సిందే. కానీ ఆమె గొంతులో తప్పు పట్టే ధోరణి లేదు. ఆ బొమ్మనే చూస్తోంది పాపం, కళ్లు తిప్పుకోలేకపోతోంది. వాడికి ధైర్యం వచ్చింది.

"అయితే రుచి నేను చెప్పడమెందుకక్కా? కళ్లు మూసుకుని నువ్వే చెప్పు. దొన్నెకో తేనెపట్టు ఇద్దువుగాని" అన్నాడు. తన తెలివికి తనే మురిసిపోయాడు. అనకూడదు గానీ, వాడు పప్పులో కాలేసింది అక్కడే.

సోములమ్మ కళ్లు మూసుకుని చెప్పింది. గోరుతో గిల్లితే తొక్క తేలిగ్గా ఊడొస్తుందట. లోపల తాటిముంజ లాంటి తెల్లటి గుజ్జు. నోట్లో పెట్టుకుంటే ముందు చల్లదనం తెలుస్తుంది, తీపి ఆ తర్వాత. గింజ దాకా వచ్చేసరికి కొంచెం పులుపు. ఆ పులుపు పోకముందే ఇంకోటి తినాలనిపిస్తుంది. చెప్పడం అయ్యాక దొన్నె తాగి, చాలాసేపు అలాగే కూర్చుని, తేనెపట్టు పెట్టి వెళ్లిపోయింది.

మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. రోజూ ఒక పట్టు తెచ్చేది, రోజూ కొత్తగా ఓ ముక్క చెప్పేది. తొలివాన పడ్డ తెల్లారి పళ్లు రాలి ఆ పండు చెట్టు కింద నేల ఎలా ఎర్రబడుతుందో ఒకరోజు. గుజ్జు గింజను వదలనని ఎలా మారాం చేస్తుందో ఇంకోరోజు. చిట్టెబ్బాయి మధ్యాహ్నం నుంచే అవతలి గట్టు వైపు చూస్తూ కూర్చోవడం మొదలెట్టాడు. అడవిపంది షర్బత్ అడిగితే విసుక్కున్నాడు. బేరాలు ఆగిపోయి, దాచిన దుంపలూ కాయలూ కూర్చుని తినేసి అవగొట్టాడు. ఒకసారి ఎవరూ లేనప్పుడు తనే దొన్నె నింపుకుని, కళ్లు మూసుకుని, సోములమ్మ మాటలన్నీ వరసగా చెప్పుకుని తాగాడు. నాలుక వెనక శాకరిన్ చేదు తప్ప ఏమీ తగల్లేదు. బొరియలో తేనెపట్లున్నా నాకబుద్ధి కాలేదు. ఆ పండు కావాలి, అంతే. జన్మలో దేనికోసమూ వాడు అంతగా అల్లాడలేదు.

ఏడో రోజు ఆకాశం మబ్బు పట్టింది. సోములమ్మ ఆఖరి పట్టు పెట్టి, తొర్ర ఖాళీ అయిపోయింది, ఇక రాలేనంది.

"ఆ పండు చెట్టుకి దారి చెప్పక్కా. ఏమడిగినా ఇస్తాను" అన్నాడు చిట్టెబ్బాయి.

తన పట్లు తనకిచ్చేస్తే చాలంది. వాడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఏడు పట్లూ ఒక్కొక్కటే నోట కరుచుకుని వాగు దాటించి మద్దిచెట్టు కింద పెట్టాడు. ఆమె వాటిని తొర్రలో సర్దుకుని దిగొచ్చింది.

"ఇక దారి చెప్పు."

"దారి నాకు తెలీదు తమ్ముడూ. ఆ పండు నేనెప్పుడూ తినలేదు."

సోములమ్మ మెల్లగా చెప్పుకొచ్చింది.

"నా చిన్నప్పుడు ఒక ఏడాది వానల్లేవు. ఆకలేసి నేను ఏడుస్తుంటే అమ్మ నన్ను పొట్ట మీద పడుకోబెట్టుకుని ఈ పండు సంగతి చెప్పేది. రోజుకింత. వింటూ నిద్రపోయేదాన్ని. చచ్చిపోయేలోగా ఆ రుచి ఒక్కసారి చూద్దామని ఆశపడి నీ దగ్గరికొచ్చాను. మూడోరోజు దొన్నె ఒలికిన చోట చీమలు ఆగకుండా పోతుంటే చూశాను. పండు తీపయితే చీమలు వదులుతాయా? నీ సంగతి అప్పుడు అర్థమైంది. మిగతా నాలుగు పట్లూ నీకు ఎర."

"తిన్నట్టే చెప్పావు కదక్కా."

"నువ్వూ తిన్నట్టే అమ్మావు కదా."

కోపం రావాలి మరి. వాడికి రాలేదు. తల వంచుకుని అడిగాడు.

"పోనీ మీ అమ్మయినా తిన్నదా?"

ఆకుల మీద తొలి చినుకులు పడుతున్నాయి.

"అడగాలని తోచలేదు తమ్ముడూ. ఇప్పుడు అడుగుదామంటే అమ్మ లేదు" అంది సోములమ్మ.

ఆ రాత్రి పట్టిన వాన పది రోజులు వదల్లేదు. చిట్టెబ్బాయి ఉత్త బొరియలో కాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకున్నాడు. ఆకలికి దుంపలు గుర్తు రావాలి, తేనె గుర్తు రావాలి. వాడికి మాత్రం ఆ గింజ దగ్గరి పులుపు మీదే ప్రాణం కొట్టుకుంటోంది.

తానెరగని రుచి చెప్పి పదిమంది నోరూరించినవాడు, ఏదో ఒకనాడు తన నోరూరి పస్తుండక తప్పదు.