సింగన్న లేని ఇంటికి వచ్చిన పిల్లి

శాస్త్రం గురించి ఎవరైనా ప్రశ్న వేస్తే మా అయ్యవారు విరూపయ్యగారు శాస్త్రమే చెప్పేవారు. గ్రంథం తెప్పించి, ఆ పుట తీసి, వేలు పెట్టి చూపించేవారు. అడిగినవాడి గొంతులో ఏ కాస్త బాధ వినిపించినా మాత్రం గ్రంథం జోలికి పోయేవారు కాదు. చేట దగ్గరకు లాక్కుని, చింతపిక్కలు తీస్తూనో అనపకాయలు ఒలుస్తూనో, తనకు తెలిసిన ఎవరి సంగతో చెప్పేవారు. చెప్పి ఊరుకునేవారు. అది తన ప్రశ్నకు జవాబో కాదో అడిగినవాడే తేల్చుకోవాలి.

వామనమూర్తి మా ఆశ్రమానికి వచ్చి అప్పటికి రెండేళ్ళు. కృష్ణాతీరంలో ఎక్కడో సంస్కృతం పంతులుగా పనిచేసి వచ్చాడని తప్ప అతని సంగతి మాకేమీ తెలియదు. వేకువనే లేచి వాకిలి ఊడ్చేవాడు. పాఠం వేళకు గుమ్మం పక్కన కూర్చునేవాడు. లోపల ఎంత చోటున్నా సరే, అక్కడే. అయ్యవారికి అందరూ పాదనమస్కారం చేసేటప్పుడు అతను మాత్రం నిలబడి చేతులు జోడించేవాడు. అది పొగరని మాలో కొందరం అనుకునేవాళ్ళం. నేనూ అనుకున్నాను.

ఒకనాటి ఉదయం అతను సెలవు తీసుకుంటానని వచ్చాడు. ప్రయాణానికి సిద్ధమై, ఉతికిన పంచె కట్టుకుని ఉన్నాడు. అయ్యవారు కారణం అడగలేదు. కూర్చోమన్నట్టు చాప కాస్త జరిపారు. అతను కూర్చుని అన్నాడు.

"అయ్యా, నేను పద్ధెనిమిదేళ్ళు ఒక గురువుగారిని సేవించినవాణ్ణి. ఆయన గట్టి మనిషి. పిలిస్తే పలకాలి, చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పాలి. తప్పితే తిట్టేవారు, ఆ పూటే పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టేవారు. ఆయన పోయాక ఇక ఎవరి దగ్గరా చదవనని చితి ముందు అనుకున్నాను. కాలక్షేపానికని ఇక్కడికి వచ్చాను. మీరు నన్ను పిలవరు, పొమ్మనరు. అయినా ఇక్కడ కూర్చుంటే నాకు హాయిగా ఉంటోంది. ఆ హాయే నన్ను పొడుస్తోంది. ఆయనకు ద్రోహం చేస్తున్నానా? అదొక్కటీ చెప్పండి, వెళ్ళిపోతాను."

అయ్యవారు చేట దగ్గరకు లాక్కున్నారు. ఆయన ఆ పూట చెప్పిన సంగతి, ఆయన మాటల్లోనే, ఇది.

అనంతపురం వైపు ఒక కొండ కింద ఓబులేసు, ఈరమ్మ అని ఆలుమగలు చీనీతోట సాగుచేసుకుంటూ బతికేవారు. బత్తాయినే అక్కడ చీనీ అంటారు. తోటలోనే రెండు గదుల ఇల్లు, పక్కన పశువుల కొట్టం. వాళ్ళకు పిల్లలు లేరు. కుక్క లేని రోజు మాత్రం ఆ ఇంట్లో ఎన్నడూ లేదు. ఒకటి ముసలిదయ్యేసరికి ఇంకొకటి చేతికి వచ్చేది. వాటన్నిటిలోకీ సింగన్న వేరు. కళ్ళు తెరవకముందే తల్లి పోతే ఈరమ్మ దూదివత్తితో పాలు పట్టి బతికించింది. ఓబులేసు పొలం ఈ చివర నిలబడి గొంతు సవరించుకుంటే ఆ చివర లేచి నిలబడేవాడు. ఒకసారి చూలుమేక కొండమీద చిక్కుకుని అక్కడే ఈనితే, రెండు పగళ్ళు తిండీనీళ్ళూ లేకుండా దాని దగ్గర కాపుండి, తల్లినీ పిల్లనూ తోలుకుని వచ్చాడు. ఆ ఇంటికి వచ్చిన ప్రతివాడూ ఆ కథ వినవలసిందే. నేనూ నాలుగుసార్లు విన్నాను.

పిల్లులంటే ఆ ఇద్దరికీ గిట్టేది కాదు. "అది మన మొగం చూసేదా, పాలచట్టి మొగం చూసేదా?" అనేది ఈరమ్మ. ఓబులేసు ఆ మాట కూడా అనేవాడు కాదు, కాలి చెప్పు విసిరేవాడు.

ఒక ఏడు అడవిపందులు దిగి వేరుశనగ చేనంతా తవ్విపోశాయి. చూసి చూసి ఓబులేసు కంచె వెంబడి తీగ ఉచ్చులు పెట్టాడు. పెట్టి వచ్చి సింగన్నను కొట్టంలో గుంజకు కట్టేశాడు. ఉచ్చుల సంగతి ఈరమ్మకు చెప్పాడు కూడా. మర్నాడు తెల్లవారాక ఈరమ్మ కంచె దగ్గర సింగన్నను చూసింది. అప్పటికే ఊపిరి లేదు. ఆమె కేక విని ఓబులేసు పరుగెత్తుకొచ్చాడు.

"నేను కట్టేసినానే! కట్టేసే గదా పండుకుంటి!" అన్నాడు తనలో తాను.

"కట్టేసింటే ఎట్ల పోతాడు?" అంది ఈరమ్మ.

అంతే. ఆ రోజే ఓబులేసు కంచె పొడుగునా ఉన్న ఉచ్చులన్నీ పెరికేశాడు. సింగన్నను చీనీచెట్ల మధ్య పూడ్చారు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తలేదు. పేరుతోపాటు తక్కిన మాటలూ పోయాయి. నీళ్ళు వచ్చినయా, ఉప్పు అయిపోయింది, ఆవుకు మేతేసినావా, ఇంతే. ఓబులేసుకు తన చేతులమీద నమ్మకం పోయింది. ఆవును కట్టేశాక పలుపుతాడు మూడుసార్లు లాగి చూసేవాడు. గుమ్మందాకా వచ్చి, వెనక్కి వెళ్ళి మళ్ళీ లాగి చూసేవాడు. అది కనబడితే ఈరమ్మ మొహం తిప్పుకునేది. వేరే కుక్కపిల్లను తెస్తామని చుట్టాలు అంటే ఇద్దరూ ఒకేసారి వద్దన్నారు. ఆ ఏడాదిలో వాళ్ళు కలిసి అన్న మాట అదొక్కటే.

వానలు మొదలయ్యాక ఎక్కణ్ణుంచో ఒక పిల్లి వచ్చింది. బూడిదరంగు, ఒంటినిండా చారలు, ఒక చెవి కొన చినిగి ఉంది. వేరుశనగ మూటలున్న గదిలో చేరి ఎలుకల్ని పట్టడం మొదలుపెట్టింది. దాన్ని తరమాలంటే దాని గురించి ఇద్దరూ ఒక మాట అనుకోవాలి. ఆ మాట ఎవరూ అనలేదు. పిల్లి ఉండిపోయింది.

ఓబులేసు తెల్లవారి మోటారు వెయ్యడానికి పోయేవాడు. ఆ వేళకు ఈరమ్మ ఆవును పితికి, కొట్టం వెనక కొబ్బరిచిప్పలో రవ్వంత పాలు పోసి వచ్చేది. ఎలుకల్ని పడుతోంది కదా, కూలి అనుకుంటే సరిపోతుందిలే అని మొదట్లో తనకు తాను చెప్పుకుంది. మధ్యాహ్నం ఓబులేసు చెట్లకింద సంగటి తింటూ ఎండుచేప తల పక్కన పడేసేవాడు. పారేసేదే కదా అని అతనూ చెప్పుకున్నాడు. కొన్నాళ్ళకు తల పోయి నడిముక్క వచ్చింది. ఈమె పెడుతున్నట్టు అతనికి తెలియదు, అతను పెడుతున్నట్టు ఈమెకు తెలియదు. సింగన్న పోయిన ఇంట్లో పిల్లికి కూడు పెడుతున్నామని ఎవరి సిగ్గు వారిది. పిల్లి మాత్రం గుండ్రంగా తయారైంది.

ఓబులేసు దాన్ని ఒకసారి పిలిచి చూశాడు. అది తలైనా తిప్పలేదు. చెయ్యి చాపితే లేచి దూరంగా పోయి కూర్చుంది. పుట్టి బుద్ధెరిగి పిలిస్తే రాని జంతువును అతను చూడలేదు. కోపం వచ్చింది. రెండు రోజులు చేప పెట్టలేదు. మూడోరోజు పెట్టి, అటు చూడకుండా చుట్ట కాల్చుకుంటూ కూర్చున్నాడు. చూడనప్పుడు అది కాస్త దగ్గరగా వచ్చి తింటుందని అలా కనిపెట్టాడు. అప్పటినుంచి రోజూ కొండవైపు చూస్తూ కూర్చునేవాడు. ఆ పని అతనికి బాగా చేతనైంది.

కార్తికంలో ఒక మధ్యాహ్నం చెట్లపాదులకు నీళ్ళు కట్టి, మడవ తిప్పి నీళ్ళను పక్క పాదుకు మళ్ళించే ముందు ఒక్క నిమిషం కూర్చున్నాడు. పిల్లి వచ్చి, అతని పాదం మీద గడ్డం ఆనించి, కళ్ళు మూసుకుంది. అతను కదల్లేదు. పాదు నిండింది. కాలువ పొర్లింది. కట్ట తెగి నీళ్ళు బాటమీదికి పారాయి. అతను చూస్తూనే ఉన్నాడు, కాలు తియ్యలేదు. బాటమీద నీళ్ళు చూసి ఈరమ్మ ఏమైందోనని చెట్లలోకి వచ్చింది. ముప్ఫై ఏళ్ళలో ఒక్క చెంబుడు నీళ్ళు వృథా పోనివ్వని మనిషి, బురదలో కూర్చుని, తన కాలివైపు చూసుకుంటున్నాడు. సింగన్న పోయినప్పటినుంచీ ఆ మొహంలో అంత నెమ్మది ఆమె చూడలేదు. చప్పుడు చెయ్యకుండా వెనక్కి వెళ్ళిపోయింది. కొట్టంలోకి వెళ్ళి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఎందుకేడ్చిందో అప్పటికి ఆమెకొక్కదానికే తెలుసు.

తర్వాత పదిరోజులకు పిల్లి కనబడకుండా పోయింది.

కొట్టం వెనక చిప్పలో పాలు అలాగే ఉన్నాయి. చెట్లకింద చేపముక్కకు చీమలు పట్టాయి. కట్టెలకని ఈరమ్మ తోట చుట్టూ తిరిగింది, ఒక్క పుల్ల తేలేదు. ఓబులేసు ఎటు పోతున్నాడో చెప్పకుండా పొద్దున్నే వెళ్ళేవాడు. మూడోనాడు ఆమె కంచెవైపు వెళ్ళి చూస్తే అతను మోకాళ్ళమీద ఉన్నాడు. ముళ్ళకంపలోకి రెండు చేతులూ పెట్టి, జానా జానా తడుముకుంటూ ముందుకు పోతున్నాడు. మోచేతులదాకా రక్తపు గీతలు.

"ఏం ఎతుకుతాండావు?" అంది.

"ఉచ్చు."

"అన్నీ పెరికేస్తివి గదా."

"ఒకటి మర్చిపోయింటానేమో మే. నా చేతుల్ని నమ్మేకి లేదు." చేతులు తియ్యకుండానే అన్నాడు. "సింగన్నను కట్టేసినాననే అనుకుంటి ఆ పొద్దు. నీమీద ఒట్టు. కట్టేసినట్టే ఉండాది నాకు."

ఏడాదికి పైగా వినని పేరు. ఈరమ్మ కంప పక్కనే కూలబడింది.

"నువ్వు కట్టేసినావు," అంది. "ఇప్పింది నేను."

ఓబులేసు చేతులు ఆగిపోయాయి.

"తెల్లారుజామున లేస్తి. బయటికి పోవాలని ఒకటే గునిసినాడు. నిద్రమత్తులో ఇప్పిడిస్తి. ఉచ్చుల సంగతే తలపుకు రాలా. పొయ్యి రాజేసేకి పోతి. నువ్వొచ్చి కట్టేసినానే అంటాంటే... నా నోటెంట ఆ మాట వచ్చిపాయ. మల్ల ఎనక్కి తీసుకోలేకపోతి. నువ్వు పలుపు లాగి చూసుకునేదంతా చూస్తానే ఉంటి."

ఈరమ్మ దెబ్బకో తిట్టుకో కాచుకున్నదానిలా తలవంచుకుంది. అతను కంపలోంచి చేతులు మెల్లగా బయటికి తీశాడు.

"గునిసినాడా?" అన్నాడు.

"ఊ. నా చెయ్యి నాకినాడు."

"నాకితే ఇంగేం చేస్తావులే. నేనైనా ఇప్పేవాణ్ణే."

అప్పుడు ఆ ఇద్దరూ సింగన్న కోసం ఏడ్చారు. అంతవరకూ ఎవరి దుఃఖం వారు దాచుకున్నారు, కలిసి ఏడవడం అదే మొదటిసారి. ఈరమ్మ అతని చేతుల్లోని ముళ్ళు ఒక్కొక్కటే తీస్తూ పాలచిప్ప సంగతి చెప్పింది. అతను ఎండుచేప సంగతి చెప్పాడు. "అందుకే అంత లావాయ!" అని ఆమె ఏడుపులోనే నవ్వింది.

నాలుగోనాడు పొద్దెక్కాక ఇద్దరూ వాకిట్లో వేరుశనగ కాయలు ఎండబోస్తుంటే పిల్లి వచ్చింది. పొట్ట లోపలికి పోయింది. నోట్లో ఇంకా కళ్ళు తెరవని కూన. వీళ్ళిద్దరూ అక్కడ లేనట్టే మధ్యలోంచి నడిచి, గదిలోకి పోయి, కూనను మూటల సందున పెట్టి, మళ్ళీ బయటికి నడిచింది. అలా మూడుసార్లు. ఓబులేసు పిలవలేదు. తలుపు మూసుకుపోకుండా ఒక రాయి తెచ్చి అడ్డం పెట్టాడు.

ఇంతవరకు చెప్పి అయ్యవారు ఆగారు. వామనమూర్తి ఇంకేమైనా చెబుతారేమోనని చూశాడు.

"వాళ్ళు మళ్ళీ కుక్కను పెంచలేదా?" అన్నాడు చివరికి.

"లేదు. పోయిన నెల అటు వెళ్ళినప్పుడు ఒక పూటంతా వాళ్ళింట్లో ఉన్నాను. ఇద్దరూ ఒకరి మాటకు ఒకరు అడ్డం వస్తూ నాకు సింగన్న సంగతులే చెప్పారు. మేక సంగతి అయిదోసారి విన్నాను. అంతసేపూ పిల్లి ఈరమ్మ ఒళ్ళో పడుకునే ఉంది."

వామనమూర్తి తల వంచుకున్నాడు. అతని భుజాలు కదలడం నాకు కనిపించింది. అయ్యవారు అటు చూడకుండా తన పని తాను చేసుకుంటూ, కొంతసేపటికి అన్నారు.

"రెండేళ్ళుగా ఇక్కడ ఉంటున్నావు నాయనా. మీ గురువుగారి పేరేమిటో నాకింతవరకూ చెప్పనే లేదు."