ఏదులమ్మ మూడో ముల్లు

అనగనగా ఒక అడవి. ఇప్పచెట్లు ఎక్కువ కాబట్టి దాన్ని ఇప్పలవనం అనేవారు. పొద్దున్నే ఆ అడవిలోకి పొగమంచు దిగేది. ఆ మంచులో చెట్లన్నీ ఇంకా కల కంటున్నట్టే ఉండేవి. వాటి నడుమ ఒక సన్నని వాగు పారేది. అడవి మొత్తానికి అదొక్కటే నీరు.

వాగు ఒడ్డున ఏదులమ్మ అనే ముళ్లపంది ఉండేది. నలుపూ తెలుపూ చారల ముళ్లు. నడుస్తుంటే గలగలమని చప్పుడు. పులి ఎదురొచ్చినా ఏదులమ్మ పరుగు పెట్టదు. వెనక్కి తిరిగి, ముళ్లు విప్పి, అక్కడే నిలబడుతుంది. అందుకే ఇప్పలవనం వాళ్లు ఆమెను మహాసభకు పంపారు.

మహాసభ అంటే మాటలా? దూరాన మబ్బులకొండ ఉంది. దేశంలోని ఒక్కో అడవి నుంచి ఒక్కొక్కరు ఆ కొండకు వెళ్లేవారు. ఏ అడవికి ఏం కావాలో, ఏం వద్దో అక్కడే తేలేది. ఒక ముసలి అడవిదున్న సభకు పెద్ద.

ఆ సభకు ఒక ఆచారం ఉంది. నోటితో చెబితే చాలదు. ఒక్కో సంగతికి రెండు ఇసుక దిబ్బలు పోసేవారు. ఒకటి ఔను దిబ్బ, ఒకటి కాదు దిబ్బ. ఎవరి మాట ఎటో, అటు తమ ఒంటి మీదది ఒకటి తీసి నాటాలి. పిట్టలు ఈక నాటేవి. ఎలుగుబంటి వెంట్రుకల కుచ్చు పెట్టేది. ఏదులమ్మ ముల్లు గుచ్చేది. నాటినదాన్ని మళ్లీ పీకకూడదు. ఎన్ని వానలు కురిసినా ఆ దిబ్బలు కరిగేవి కావు. ఎందుకు కరగవో ఎవరికీ తెలియదు. కొండ మీద నడుస్తుంటే ఎప్పుడో చెప్పిన మాటలన్నీ గాలికి ఊగుతూ కనిపించేవి.

మొదటిసారి ఉప్పునేల సంగతి వచ్చింది. కొమ్ములున్నవాళ్లే కాదు, చిన్న జంతువులు కూడా అక్కడికొచ్చి ఉప్పు నాకవచ్చా అని. ఏదులమ్మ ఔను దిబ్బలో ముల్లు గుచ్చింది. ఆమె మాట గెలిచింది. కుందేలు పిల్లలు ఆ ఏడాదంతా ఉప్పు నాకి, మూతులు తుడుచుకుంటూ ఆమె పేరే చెప్పుకున్నాయి.

రెండోసారి మంటల సంగతి. వేసవిలో అడవి అంటుకుంటే మంట దాటకుండా, ఏనుగులు ముందే గడ్డి తొక్కి బాట చేసేవి. ఇక మేం తొక్కం అన్నాయి ఏనుగులు. సరే అన్నారు అందరూ. ఏదులమ్మ ఒక్కతే కాదు దిబ్బలో ముల్లు గుచ్చింది. అంత పెద్ద దిబ్బ మీద ఒకే ఒక్క ముల్లు. నెమళ్లకోన నుంచి వచ్చిన పింఛయ్య అనే నెమలి, అదుగో ఒంటిముల్లమ్మ పోతోంది అని నవ్వాడు. సభంతా నవ్వింది. ఏదులమ్మ తల వంచుకుని ఇంటికొచ్చింది.

వాగులో బోదమ్మ అనే ముసలి కప్ప ఉంది. ఏదులమ్మకు చిన్ననాటి నేస్తం. సంగతంతా విని, "ఓడితే ఓడావు, నిలబడ్డావు కదే," అంది.

ఆ మాటకు ఏదులమ్మ మనసు కుదుటపడింది. కానీ ఆ నవ్వు మాత్రం చెవిలోంచి పోలేదు.

మూడోసారి వాగు సంగతే వచ్చింది. వాగు పుట్టేది మబ్బులకొండ పక్కనే. దాన్ని తమ తామరకొలనులోకి మళ్లించుకుంటామని నెమళ్లకోన వాళ్లు అడిగారు. బయలుదేరే ముందు ఏదులమ్మ బోదమ్మకు మాట ఇచ్చింది, కాదు దిబ్బలోనే ముల్లు గుచ్చుతానని. అది కూడా అడగాలా అని నవ్వింది కూడా.

ఆ రోజు కొండ మీద మంచు కమ్మేసింది. ఎవరి ముక్కు వాళ్లకే కనపడడం లేదు. గొంతులు ఎక్కడో నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టున్నాయి. పింఛయ్య మెల్లగా వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఏదులమ్మగారూ, మీ అంతటి వారు ఎన్నాళ్లని ఒంటరిగా నిలబడతారు చెప్పండి? ఈసారి మాతో రండి. వచ్చే సభకు ముందు వరుసలో కూర్చుందురు గాని. అయినా ఈ మంచులో ఎవరు చూడొచ్చారు?"

ఇప్పలవనంలో ఆమెను గారూ అని పిలిచిన వాళ్లే లేరు. ఆ పిలుపు వెచ్చటి దుప్పటిలా ఒళ్లంతా చుట్టుకుంది. తన ఒక్క ముల్లుతో వాగు ఆగుతుందా ఏమిటి అనుకుంది. కాళ్లు కలలో నడిచినట్టు నడిచాయి. ఎక్కడికి నడిచాయో తెలుసా? ఔను దిబ్బ దగ్గరికి.

ముల్లు దిగింది.

ఇంటికి రాగానే అందరూ చుట్టూ చేరారు. మంచు కమ్మేసిందనీ, ఎవరిది ఎటు పడిందో కనపడలేదనీ, మన మాట ఓడిపోయిందనీ చెప్పింది ఏదులమ్మ.

బోదమ్మ తడి చేత్తో ఆమె కాలు తట్టింది. "పోనీలే. నువ్వు నిలబడ్డావు కదా."

ఏదులమ్మ ఒంటి నిండా ముళ్లే. ఇన్నేళ్లలో ఒక్కటీ ఆమెకు గుచ్చుకోలేదు. ఆ రోజు ఆ మాట గుచ్చుకుంది.

వాగు సన్నబడింది. తరువాత దారమంత అయింది. తరువాత అక్కడక్కడా గుంటలు మిగిలాయి. చేపపిల్లలు పోయాయి. బోదమ్మ ఒక గుంట ఎండితే ఇంకో గుంటకు మారుతూ, మాట తగ్గించేసింది.

అంతలో మహాసభకు ఎవరిని పంపాలో మళ్లీ ఎన్నుకునే కాలం వచ్చింది. ఎన్నుకునే ముందు అడవి తరఫున ఎవరో ఒకరు కొండెక్కి దిబ్బలు చూసి రావాలి. ఈసారి నేను వెళ్తాను అన్నాడు చెవులయ్య అనే పెద్ద కుందేలు. అతను తన ముల్లు చూస్తాడని ఏదులమ్మకు తెలుసు. ఎవరికీ చెప్పకుండా ముందే బయలుదేరింది.

ఆ రోజు కొండ మీద మంచు లేదు. ఔను దిబ్బ మీద నెమలి ఈకలు మిలమిల మెరుస్తున్నాయి. వాటి నడుమ ఆమె ముల్లు, నలుపూ తెలుపూ చారలతో, ఎంత దూరానికైనా తెలిసిపోయేలా నిలబడి ఉంది. ఏదులమ్మ దాన్ని పళ్లతో పట్టుకుంది. ఒక్క లాగు లాగితే వచ్చేస్తుంది.

అప్పుడే దూరాన ఇంకో దిబ్బ కంటపడింది, మంటల సంగతి నాటిది. కాదు దిబ్బ. దాని మీద ఒకే ఒక్క ముల్లు, గాలికి అల్లల్లాడుతూ. ఇది పీకేస్తే రేపు దాన్ని ఎవరు నమ్ముతారు? ఏదులమ్మ పట్టు వదిలింది.

వెనక నుంచి గొంతు వినిపించింది. సభ పెద్ద అడవిదున్న. "పీకడానికి వచ్చావా తల్లీ?"

"వచ్చాను తాతా. చేతకాలేదు."

"చాలామందికి చేతనైంది," అంటూ పెద్దాయన ఒక పాత దిబ్బ చూపించాడు. దాని నిండా చిన్న చిన్న గుంటలు. పీకిన చోట గుంట పడుతుందట. అది ఎన్నటికీ పూడదట. కొండ మీద ఎప్పుడూ వినిపించే ఆ సన్నటి ఈల ఉందే, అది ఆ గుంటల్లో గాలి ఊదే చప్పుడేనట.

ఏదులమ్మ ఇంటికొచ్చి అందరినీ ఎండిన వాగులోకి పిలిచింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. పింఛయ్య ఏమన్నాడో చెప్పింది. తనకు ఆ పిలుపు ఎంత బాగుందో కూడా దాచలేదు.

 అంతా విని బోదమ్మ అంది, "నీ ముళ్లంటే నాకెప్పుడూ భయం లేదే ఏదులూ. ఇప్పుడు నీ మాటంటే భయం వేస్తోంది."

అడవి ఈసారి బోదమ్మను ఎన్నుకుంది. కానీ నీళ్లు లేని దారిలో కప్ప అంత దూరం ఎలా వెళ్తుంది? తాను మోస్తానంది ఏదులమ్మ.

"ముళ్ల మీద కూర్చోమంటావా?" అంది బోదమ్మ.

"తల మీద తడినాచు వేసుకుంటాను. ముళ్లు వెనక్కి వాల్చేస్తాను. దారంతా లేపను."

లేపలేదు. దారిలో తోడేలు గుర్రుమన్నప్పుడు కూడా లేపలేదు. బోదమ్మను కడుపు కింద దాచుకుని, తోడేలు విసుగెత్తి పోయేదాకా కదలకుండా పడుకుంది. తరువాత బోదమ్మ మళ్లీ ఆమె తల మీదికెక్కింది. నాచు మీద కొంచెం సర్దుకుని కూర్చుంది, అంతే.

సభలో బోదమ్మను చూసి పింఛయ్య నవ్వాడు. ఈకా లేదు, వెంట్రుకా లేదు, ఈవిడ ఏం నాటుతుందట అన్నాడు. బోదమ్మ నాచు మీది నుంచి దిగి, పక్కనున్న బండ మీద తన తడి పాదం మోపింది. నాలుగు వేళ్ల అచ్చు పడింది. ఎండ బాగా కాస్తోంది. అందరూ చూస్తుండగానే ముందు వేళ్ల కొసలు ఆరాయి. తరువాత వేళ్లు. తరువాత అరికాలు. చూస్తూ చూస్తూ బండ ఉత్త బండ అయిపోయింది.

"మా అడవిలో మేమంతా ఇలాగే పోతున్నాం," అంది బోదమ్మ.

సభలో ఎవరూ నవ్వలేదు. వాగును తిరిగి వదలాలా అని మళ్లీ దిబ్బలు పోశారు. బోదమ్మ ఔను దిబ్బ ఇసుకలో పాదం అచ్చు వేసింది. ఆమె వెనక ఒక ఈక, ఒక కుచ్చు, ఇంకో ఈక. ఏదులమ్మకు ఇప్పుడు నాటే హక్కు లేదు. దూరంగా నిలబడి చూసింది.

వాగు తిరిగి వచ్చింది. అంతా కాదు, సగమే. ఆ సగంతోనే ఇప్పలవనం మళ్లీ పచ్చబడింది. పొద్దున్నే మంచు దిగినప్పుడు చెట్లు మళ్లీ కలలు కన్నాయి.

ఏటా ఒకసారి ఏదులమ్మ అడవి పిల్లలను వెంటబెట్టుకుని మబ్బులకొండకు వెళ్లేది. ఇది ఉప్పుది, ఇది మంటది అని చూపించేది. మూడో ముల్లు దగ్గర అన్నిటికంటే ఎక్కువసేపు నిలబడేది.

"ఇది కూడా నీదేనా అవ్వా?" అని అడిగేది ఏదో ఒక కప్పపిల్ల.

"నాదే," అనేది ఏదులమ్మ.

కొండ మీద అన్ని వైపులా గాలి ఈల వేస్తూనే ఉండేది. ఆ ముల్లు ఉన్న చోట మాత్రం వేసేది కాదు.

నీతి: పదిమంది తరఫున మాట చెప్పేవాళ్లు, ఎవరూ చూడని చోట కూడా ఆ పదిమందీ చూస్తున్నట్టే నడుచుకోవాలి. ఒకవేళ తప్పు చేస్తే, దాన్ని చెరిపేయకుండా నాదే అని చెప్పాలి.